పెన్సిల్‌తో వేసిన ర్యాంకులు

అమెరికాలోని క్యారీ స్టేషన్‌లో ఆ రోజు రైలు గంటన్నర లేటు. వెయిటింగ్ రూమ్‌లో నా పక్కన ఒక పెద్దావిడ, ఎదురుగా తన టీమ్ టోపీ పెట్టుకున్న ఒకాయన. ఒకరికొకరు తెలియదు, కానీ కాలేజీ బాస్కెట్‌బాల్ టీముల ర్యాంకుల మీద గట్టిగా వాదించుకుంటున్నారు. అది నవంబర్, సీజన్ అప్పుడే మొదలైంది.

"మీవాళ్లకి మూడో ర్యాంకా? గట్టి టీమ్‌తో ఇంకా ఒక్క ఆటైనా ఆడలేదే," అందావిడ. ఒళ్లో పేపర్ పెట్టుకుని, అందులోని ర్యాంకుల పక్కన పెన్సిల్‌తో తన నంబర్లు వేసుకుంటోంది.

నాకు ఆట తెలీదు. ర్యాంకు అన్న మాట తెలుసు. "ఇది ఏడాదంతా ఉంటుందా?" అని అడిగాను.

ఆవిడ నన్ను వింతగా చూసింది. "ప్రతి సోమవారం మారుతుంది. పిల్లలు ఇంకా సరిగ్గా ఆడనేలేదు, అప్పుడే పెన్నుతో ఎలా రాస్తాను?" అంటూ తను వేసిన అయిదుని చెరిపి తొమ్మిది వేసింది. ఎదుటాయన నవ్వాడు.

నేను నవ్వలేకపోయాను. పదిహేడేళ్లప్పుడు ఎంట్రన్స్‌లో మా తమ్ముడికొచ్చిన ర్యాంకుని ఇరవై ఏళ్లుగా వాడి పేరుతో కలిపే చెప్తున్నాం. అందరికంటే ఎక్కువ చెప్పింది నేనే. నాది మంచి ర్యాంకు మరి.

రైలొచ్చింది. ఆవిడ పెన్సిల్ చెవి వెనక పెట్టుకుని వెళ్లిపోయింది.

ఇప్పుడెవరైనా ఆ ర్యాంకు సంగతి ఎత్తితే, గుర్తులేదంటాను. వాడి ముందు మొదటిసారి అలా అన్నప్పుడు, వాడు తింటున్నవాడల్లా ఆగి నావైపు చూశాడు. నాకు గుర్తుందని వాడికి తెలుసు.