వెనక్కి చాచిన చెయ్యి

తెల్లవారుజామున నాలుగింటికి ఐదు నిమిషాలు తక్కువ. సైకిల్‌కు గాలి కొట్టాను. ఆ పంపు చప్పుడు ఇప్పటికీ గుర్తుంది. అందుకే చెబుతున్నాను, నేను నిద్రలో లేను. తాగి లేను. నమ్మకపోతే మానేయండి. జరిగింది మాత్రం ఇదే.

ఎనభైల మొదట్లో సంగతి. వరంగల్ కొత్తవాడలో మాది జంపఖానాలు నేసే ఇల్లు. ఆ ఏడు ఆషాఢంలో అక్క కామెర్లతో పోయింది. చావు జరిగిన ఇంట్లో ఆ ఏడాది బతుకమ్మ పేర్చరు. మా ఇంట్లోనైతే తంగేడు పువ్వు గడప దాటి లోపలికి రాకూడదు.

కానీ బతుకమ్మకు ముందు రోజు సాయంత్రం పక్కింటి రాజమ్మ చిన్నమ్మ వచ్చింది.

"తంగేడు ఉండే జాగ నీకూ మీ అక్కకే ఎరుక. మాకు జర తెచ్చిపెట్టు కొడుకా. మా ఇంటాయనను తోలితే గడ్డి కోసుకొస్తడు."

అమ్మ మగ్గం మీది నుంచి తల ఎత్తలేదు. "పోయి తే. మన గడప లోపలికి మాత్రం తేకు" అంది.

మడికొండ దాటాక గుట్ట కింద తంగేడు పొదలు. అప్పుడక్కడ ఇళ్ళు లేవు. చీకటి... తడి గడ్డి... పువ్వు పసుపు కూడా కనిపించదు. చేత్తో తడిమి కోయాలి. ఏటా మాదొక పద్ధతి. నేను ముందు నడుస్తూ కోస్తాను. తిరిగి చూడకుండా చెయ్యి వెనక్కి చాస్తాను. అక్క అందుకుని కట్ట కడుతుంది. మగ్గం దగ్గర మిగిలిన దారపు పోగులు తెచ్చుకునేది. ముడి వేసి, పళ్ళతో తెంపేది. టప్‌మని చిన్న చప్పుడు.

ఆ రోజు కోయడం మొదలుపెట్టాను. ఏడుపు లేదు. ఆషాఢం నుంచి ఏదీ లేదు. చేతులు పని చేస్తున్నాయి, అంతే.

గుప్పిట నిండింది. అలవాటుగా చెయ్యి వెనక్కి చాచాను.

చాచాక గుర్తొచ్చింది... వెనక ఎవరూ లేరని.

అయినా చెయ్యి తీసుకోలేదు. ఎందుకో తెలియదు.

ఒక క్షణం... రెండు...

గుప్పిట్లోంచి కొమ్మలు మెల్లగా జారాయి. కింద పడిన చప్పుడు రాలేదు.

తర్వాత... టప్.

భయం వేయలేదు. ఇప్పుడు తలుచుకుంటే అదే భయంగా ఉంటుంది. ఇంకో గుప్పెడు కోశాను. చాచాను. జారాయి. టప్. తూర్పు తెల్లబడేదాకా అలాగే అందించాను. తిరగలేదు. తిరిగితే ఎవరూ ఉండరేమోనని.

వెలుతురు వచ్చాక చూశాను. గడ్డి మీద కట్టలు... వరుసగా.

రాజమ్మ చిన్నమ్మ వాటిని చూసి నవ్వింది. "మొగపిల్లగానివి, ఎంత మంచిగ కట్టినవ్‌రా."

అమ్మ గడప దాటి బయటికి వచ్చింది. ఒక కట్ట తీసుకుని ముడి మీద వేలు పెట్టి చాలాసేపు నిలబడింది. జరిగింది చెప్పాను.

"తిరిగి చూసినవా?"

"లేదమ్మా."

"ఒక్కసారన్న చూడకపోతివి బిడ్డా."

నేనే కట్టి ఉండవచ్చు. మగ్గాల ఇంట్లో అందరి ముడీ ఒకటే. నా చొక్కా జేబులోనూ ఎప్పుడూ పోగులు ఉండేవి. ఇంటికి వచ్చి జేబు తడుముకుంటే ఖాళీ. వెళ్ళేటప్పుడు ఉన్నాయో లేదో ఎంత ఆలోచించినా గుర్తు రాదు.

అమ్మ ఆ పోగు విప్పి కొంగున ముడి వేసుకుంది. పువ్వును గడప బయటే వదిలేసింది.

ఏడాది ఎప్పుడో తీరింది. అయినా మా ఇంట్లో బతుకమ్మ పేర్చడం లేదు. నేను తంగేడుకు పోవడం లేదు.