ఆల్డో గారి రెండో ముక్కు

నిన్న సూపర్‌మార్కెట్‌లో ఎవరి చేయో తగిలి రెడ్ వైన్ సీసా ఒకటి నేల మీద పడి పగిలింది. మందుల కౌంటర్ పక్కన వాచిన కాళ్ళు చాపుకుని నా బీపీ మాత్రల కోసం కూర్చుని ఉన్నాను. ముందు చప్పుడు వినిపించింది, తరువాత మెల్లగా వాసన వచ్చింది. గులాబీ, దాని వెనకే కొత్తగా వేసిన రోడ్డు మీది తారు. పక్క కుర్చీలో ఒక తెలుగమ్మాయి ఫోన్ చూసుకుంటోంది. ఊరుకోలేకపోయాను. "అది ఇటలీ వైన్ అమ్మా. దాన్ని చేసే కుటుంబం నాలుగు వందల ఏళ్ళుగా ఒకే కొండ మీద ఉంటోంది. వాళ్ళ కోటలో వారం రోజులు భోంచేసినవాణ్ణి నేను" అన్నాను. "వావ్, రియల్లీ అంకుల్?" అని కళ్ళు పెద్దవి చేసింది. ఈ వయసులో అంతకంటే ఏం కావాలి?

మీ దగ్గర దాపరికమెందుకు? అక్కడ కోట లేదు. నేను ఇటలీ వెళ్ళనూ లేదు. పగిలింది ఆ వైనో కాదో కూడా తెలియదు, తుడిచేశారు. నాకు తెలిసిందల్లా ఆ కుటుంబంలో రెండో కొడుకుగా పుట్టి, మిషిగన్ వచ్చి, ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా ఇంటికి పది నిమిషాల దూరంలో వైన్ దుకాణం నడిపిన ఆల్డో గారు.

కారు విడిభాగాల కంపెనీ నన్ను ఇంటికి పంపించేటప్పటికి నాకు యాభై నాలుగేళ్ళు. ఇరవై ఏళ్ళు బ్రేకులు డిజైన్ చేసినవాణ్ణి, అట్టపెట్టెలు మోసే పని ఉందంటే ఆయన దగ్గరికి వెళ్ళాను. ఆయన తన ఇంటి వైన్ కొంచెం గ్లాసులో పోసి, రుచి చూడమన్నాడు. ఎంగిలి కాకుండా తల వెనక్కి వంచి, మంచినీళ్ళలా ఎత్తి పోసుకున్నాను. సగం చొక్కా మీద పడింది. "మీ వాళ్ళు దీంతో స్నానం చేస్తారా, రావ్?" అని పగలబడి నవ్వాడు. ఆయన మాటలన్నీ ఇంగ్లీషువే, తెలుగు నాది. ఎలా ఉందని అడిగితే, "గులాబీ, తారు, ఆ పైన వగరు" అన్నాను. ఆయన నవ్వు ఆగిపోయింది. వగరంటే ఏమిటన్నాడు. పచ్చి వక్క నమిలితే నాలుక బిగిసిపోతుందే, అదని చెప్పాను. "అది ఒక రుచా? మీకు దానికి పేరుందా?" అంటూ ఆ మాట నాలుగుసార్లు పలికి చూసుకున్నాడు. ఆ రోజే ఉద్యోగం ఇచ్చాడు.

ఎందుకిచ్చాడో నెల తరువాత తెలిసింది. అంతకు ముందు ఏడాది వచ్చిన జ్వరంలో ఆయనకు వాసన పూర్తిగా పోయింది. ఇటలీలో వాళ్ళ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. ప్రతి ఏటా కొత్త వైన్ మొదటి పెట్టె ఆల్డో గారికి వస్తుంది. ఆయన రుచి చూసి, అది వాళ్ళ కొండకు తగినట్టుందో లేదో ఉత్తరం రాస్తాడు. అది చేరాకే మిగతా సీసాలు ఓడ ఎక్కుతాయి. పొలమూ ఇల్లూ అన్నగారికి పోగా, ఆ ఇంట్లో ఈయనకు మిగిలిన చోటు ఆ ఉత్తరమొక్కటే. రెండేళ్ళు ఆ ఉత్తరాలు మేమిద్దరం రాశాం. నేను వాసన చూసి ఎండు చింతపండనో, కొత్త చెప్పుల తోలనో చెప్పేవాణ్ణి. ఆయన దాన్ని ఇటాలియన్‌లోకి దించేవాడు. "వగరు మాత్రం నేనే చెబుతా, నాకు ఇంకా తెలిసేది అదొక్కటే" అనేవాడు. కొనడానికి వచ్చినవాళ్ళకు నేను ఆ ఇంట్లో దయ్యాలూ సొరంగాలూ ఉన్నాయని కథలు చెబుతుంటే వెనక నుంచి అరిచేవాడు. "రావ్! అది మా తాత ఇల్లు. వర్షం వస్తే కారుతుంది. కథలు తరువాత, ముందు ముక్కుకు తెలిసింది చెప్పు."

మూడో ఏడు ఇటలీ నుంచి ఆయన అన్న కొడుకే పెట్టె మోసుకుని వచ్చాడు. బాబాయి ఎదురుగా సీసా తెరవాలని సరదా. ఆల్డో గారు మూత తీసి, మూడు గ్లాసుల్లో పోసి, కళ్ళు మూసుకుని ఎంతోసేపు వాసన పట్టినట్టు నటించాడు. "ఈ ఏడు గులాబీ ఎక్కువ" అని నా వైపు తిరిగి, "కదా?" అన్నాడు. "అవును, చాలా బాగుంది" అన్నాను. ఆ అబ్బాయి గ్లాసు ముక్కు దాకా తీసుకెళ్ళి, తాగకుండానే కింద పెట్టాడు. ఆ సీసా బిరడా చెడి, ముక్కు పనిచేసే ఎవరికైనా వాసనకే తెలిసేంతగా వైన్‌ను పాడు చేసింది. మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి నెమ్మదిగా అడిగాడు. "బాబాయ్, ఆ ఉత్తరాలు ఎవరు రాస్తున్నారు?"

మరుసటి ఏడు పెట్టె రాలేదు.

ఆ సంగతి అందరికీ చెప్పేటప్పుడు, నేను గ్లాసు లాక్కుని "ఇది చెడింది" అన్నానని చెబుతుంటాను. అనలేదు. మిగిలిన వైన్ ఇంటికి తీసుకెళ్ళి, మర్నాడు పొద్దున దుకాణంలో చెప్పాను, వానకు తడిసిన గోనె సంచి వాసన అని. "నిన్న ఎందుకు చెప్పలేదు?" అన్నాడు. "మీరు పెద్దవారు. ఇంటికొచ్చినవాడి ముందు మీ మాట కాదనలేక..." అని నసిగాను. ఆయన కోప్పడలేదు. స్టూలు మీద కూర్చుని, "మర్యాద చేసేవాళ్ళు నాకు చాలామంది ఉన్నారు రావ్. ముక్కు ఒక్కటే లేదు" అన్నాడు. దుకాణం ఇంకో ఏడాది నడిచింది. ఆయనా ఆ తరువాత ఎక్కువ కాలం లేడు. ఇప్పటికీ ఎవరైనా ఎలా ఉందని అడిగితే జవాబుకు ముందు ఒక్క క్షణం ఆగుతాను. ఆ ఆగడం ఆయన పెట్టిన అలవాటు. ఆ ఒక్కసారి, ఆగవలసిన చోట మర్యాద అడ్డొచ్చింది.

ఇంతవరకూ రాసి మా ఆవిడ సుగుణకు చదివి వినిపించాను. చిక్కుడుకాయలు తుంచుతూ వింది.

"మర్యాదేమిటండీ? ఆ వారమంతా మీకు జలుబు. ముక్కు దిబ్బడేసి నోటితో ఊపిరి పీల్చారు. ఆ సంగతి ఆయనకు చెబితే పని పోతుందని, తుమ్ము వస్తే బయటికి పరిగెత్తారు. ఆ సీసా ఇంటికి తెచ్చాక మూత తీసి గోనె సంచి అన్నది నేను. మా నాన్న బియ్యం మిల్లులో గోనె సంచుల మధ్య పెరిగినదాన్ని, నాకు తెలియదా? ఆయన్ని కాదనలేక మీరు అబద్ధమాడలేదు. మీకూ తెలియలేదు, అంతే."