వెనక సీట్లో సాక్షి

నేను చూసినదాన్ని నాతోపాటు చూసిన మనిషి రెండు వందల మంది ఎదుట లేచి నిలబడి, చూడలేదన్నాడు. ఆ మనిషి మా బావ, మా అక్క మొగుడు. ఆయన ఆ మాట అన్న తీరుకి హాలంతా పగలబడి నవ్వింది. ఆ నవ్వు అవనిగడ్డలో పుట్టి, అటు నాగాయలంక దాకా, ఇటు బందరు బస్టాండు దాకా పాకి, ఇప్పటికీ ఏ పెళ్ళికి వెళ్ళినా నా కంటే ముందు అక్కడికి చేరుకుంటోంది. "ఏమండీ, మీ స్కూటరెక్కాలంటే కళ్ళు మూసుకోవాలటగా?" అంటారు. వాళ్ళకి తెలిసింది సగం కథ. ఆ సగం మంచి హాస్యమే, కాదనను. రెండో సగం ఎవరూ అడగలేదు కాబట్టి నేనే రాస్తున్నాను.

ఆ రోజుల్లో దివిసీమలో రొయ్య తప్ప వేరే మాట లేదు. వరి గురించి మాట్లాడేవాణ్ణి జబ్బు మనిషిని చూసినట్టు చూసేవారు. కిళ్ళీకొట్టు దగ్గరా, మంగలి కుర్చీలోనూ, ఆఖరికి పెద్దకర్మ భోజనాల బంతిలోనూ "కౌంటెంత?" అనే పలకరింపు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయన్నది కౌంటు, ఎంత తక్కువైతే రైతు మీసం అంత పైకి లేస్తుంది). నేను ఏడో తరగతితో బడి మానేసి ఆయిల్ ఇంజన్లు విప్పడం, బిగించడం పట్టుకున్నవాణ్ణి. బడి మానాను గాని చదువు మానలేదు. బజ్జీల పొట్లం విప్పితే ముందు కాగితం చదివి తర్వాత బజ్జీ తినేవాణ్ణి. ఇంగ్లీషు మాత్రం ఇంజన్లతో వచ్చే పుస్తకాల్లోంచి నేర్చుకున్నాను. అందుకని నా ఇంగ్లీషులో "హౌ ఆర్ యూ" ఉండేది కాదు. "టైటెన్ ఫుల్లీ", "డు నాట్ ఓవర్‌ఫిల్" ఉండేవి. అప్పటికి నాకు ముప్పై ఎనిమిదేళ్ళు. పెద్దమనిషినైపోయానని అప్పట్లో అనుకునేవాణ్ణి. డెబ్బై దాటాక తిరిగి చూసుకుంటే, ఎవరో కుర్రాడు.

రొయ్యల మేత అమ్మే కంపెనీ ఒకటి, పద్నాలుగు మందిని థాయిలాండు తీసుకెళ్ళి అక్కడి చెరువులు చూపించి తెస్తానంది. మూడెకరాల వరి పొలాన్ని చెరువు చేయించాలని ఉబలాటపడుతున్న మా బావ రైతుల లెక్కలో, చెరువుల్లో నీళ్ళు చిలికే ఫ్యాన్ల మరమ్మతు చూసుకునే నేను మెకానిక్కు లెక్కలో ఎక్కాం. (నాకు పాస్‌పోర్టు అంతకుముందే ఉంది. కువైట్ పోదామని తీసుకుంటే ఏజెంటు మాయమయ్యాడు. ట్రంకుపెట్టెలో కలరా ఉండల మధ్య పడి ఉంది.) బయల్దేరే రోజు పొద్దున అక్క కారప్పొడి సీసాకి గుడ్డ కడుతూ నన్ను వంటింట్లోకి పిలిచింది. "ఒరేయ్ తమ్ముడూ, మీ బావ ఎవడు ఏం చెబితే దానికి పడిపోతాడు. నువ్వు సరిగ్గా చూసి రా. నువ్వు బాగుందంటే తవ్విద్దాం. లేదంటే వరే. ఉన్నవి ఆ మూడెకరాలే" అంది. "చూసొస్తాలే అక్కా, నాకు వదిలెయ్" అన్నాను, ఇంజను బిగించినంత ధీమాగా.

మమ్మల్ని తిప్పిన కంపెనీ ఆఫీసరు ఎంత ఎండలోనూ సఫారీ సూటు విప్పడు. అందుకని ఆయన్ని సఫారీ అనే పిలుచుకున్నాం. మా పద్నాలుగు పాస్‌పోర్టులూ ఆయన తోలు సంచిలో ఉండేవి. నాలుగు రోజుల్లో మూడు చెరువులు చూపించాడు. అరచెయ్యంత రొయ్యలు. మావాళ్ళ కళ్ళు అక్కడే ఉండిపోయాయి. నాకు మాత్రం ఒక చోట ముల్లు గుచ్చుకుంది. ఒక రైతు తల పట్టుకుని, గట్టువైపు చెయ్యి చూపిస్తూ చాలాసేపు ఏదో చెప్పాడు. సఫారీ విని, మావైపు తిరిగి, "చాలా లాభమంటున్నాడు" అన్నాడు. అంత మాటకీ ఇంతే అర్థమా? నా పక్కనున్న బావని గిల్లాను. "వాళ్ళ భాషే సాగదీసే భాషరా" అన్నాడు బావ.

ఐదో రోజు సెలవు. మిగతావాళ్ళు గొడుగులూ, చేతి గడియారాలూ కొనడానికి బజారుకి పోయారు. మన ఊళ్ళో సైకిళ్ళు అద్దెకిచ్చినట్టు అక్కడ స్కూటర్లు ఇస్తారు. హోటలు పక్కనే కొట్టు. నేను అటు నడిచాను. బావ వెనకాలే వచ్చాడు. చెరువుల కోసం కాదు, విదేశంలో స్కూటరెక్కానని చెప్పుకోవడానికి. కొట్టామె "పాస్‌పోర్ట్?" అంది. "పాస్‌పోర్ట్ నాట్ ప్రొవైడెడ్" అన్నాను. ఆమెకి అర్థం కాలేదు. బావ జేబులు తడుముకుని, తన ట్రాక్టరు లైసెన్సు తీసి బల్ల మీద పెట్టాడు. అందులో బావ తలపాగాతో, ఉరి తీయబోతున్నవాడిలా ఉంటాడు. ఆమె ఫొటోని చూసింది, బావని చూసింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. హోటలుకి ఫోన్ చేసి, ఈ ఇద్దరూ అక్కడ దిగినవాళ్ళేనని రూఢి చేసుకుని, లైసెన్సు సొరుగులో పడేసి తాళం చెవి ఇచ్చింది.

ఇక్కడ నా పరువు సంగతి చెప్పాలి. మన స్కూటరుకో పద్ధతుంది. పొద్దున్నే తీసేటప్పుడు దాన్ని ఒక పక్కకి, పడిపోతుందా అన్నంత వంచి, కాసేపాగి, నిలబెట్టి కిక్కు కొట్టాలి. అలా వంచకుండా స్టార్టు చేసేవాణ్ణి మా దగ్గర స్కూటరు తెలిసినవాడిగా లెక్కెయ్యరు. నేనూ ఆ పద్ధతిలోనే వంచాను. కొట్టామె కెవ్వుమని అరిచి, పరుగెత్తుకొచ్చి రెండో పక్క పట్టుకుంది. నేను అటు వంచుతుంటే ఆమె ఇటు లాగుతోంది. "నో ప్రాబ్లం, ఫ్యూయల్ ఫ్లో, ఫ్యూయల్ ఫ్లో" అంటున్నాను. చివరికి ఆమె నన్ను పక్కకి తోసి, ఒక మీట నొక్కింది. అంతే, అది పిల్లిలా గురగురలాడింది. సరే ఎక్కాం. దానికి ఎడమ చేతి వైపు క్లచ్చి లేదు. గేరు కాలితో వెయ్యాలి. నా ఎడమ చేతికి ఆ సంగతి ఎవరు చెప్పాలి? పదిహేనేళ్ళ అలవాటు కొద్దీ గేరు మారుద్దామని పిడిని తిప్పాను. తిరగలేదు. గట్టిగా తిప్పాను. పిడికున్న రబ్బరు తొడుగు ఊడి చేతిలోకొచ్చింది. ఇంజన్లు విప్పే మనిషిని కదా, ఎక్కిన అరనిమిషంలో దాన్నీ విప్పడం మొదలుపెట్టాను. "అప్పుడే విప్పేస్తున్నావేంట్రా, అద్దె బండిరా!" అని వెనక నుంచి బావ.

అక్కడివాళ్ళు హారను కొట్టరు. మనం కొట్టకుండా నడపలేం. నేను కొట్టినప్పుడల్లా ముందువాళ్ళు ఎవరో పోయారేమోనన్నట్టు కంగారుగా పక్కకి తప్పుకునేవారు. "ఒరేయ్, దొరబాబులా పోతున్నాం రా" అని బావ మురిశాడు. మలుపు దగ్గర బ్రేకు తొక్కబోయి గేరు తొక్కితే, రోడ్డు పక్క కొబ్బరిబోండాల బండి దాకా వెళ్ళి ఆగాం. "నా పెళ్ళాం నిన్ను నమ్మి నన్ను పంపింది, అది గుర్తెట్టుకో" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. నా జీవితంలో బావతో అంత హాయిగా నవ్వుకున్నది ఆ గంటే.

సముద్రం పక్కన దారి పట్టి పోగా పోగా, సఫారీ చూపించని చెరువులు వచ్చాయి. ఒకటీ రెండూ కాదు, కనుచూపు మేర. నీళ్ళు లేవు. గట్లు కూలి ఉన్నాయి. నేను చూసిరావాల్సిన ఫ్యాన్లు తుప్పు పట్టి, కాళ్ళు పైకెత్తుకుని బురదలో పడున్నాయి. చెరువుల అడుగున తెల్లగా ఉప్పు పేరుకుంది. పక్కన తలల్లేని కొబ్బరి చెట్లు. స్కూటరు ఆపాను. ఒక ముసలాయన గుడిసెలోంచి వచ్చాడు. మాకు ఆయన భాష రాదు, ఆయనకి మాది రాదు. కానీ మేం గట్టు మీద నిలబడిన తీరు చూసే రొయ్యల మనుషులమని పోల్చుకున్నాడు. చూపుడువేలు వంచి, ముడిచి, రొయ్య ఎగిరినట్టు చూపించాడు. రెండు చేతులూ చాపి, ఇంత పంట అన్నాడు. తర్వాత ఆ చెయ్యే వెల్లకిలా తిప్పి, కదలకుండా ఉంచాడు. గట్టు అవతల ఎండిపోయిన మడి చూపించి, వరి కోసినట్టు చేత్తో చూపి, తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ వంగి చిటికెడు మట్టి తీసి నాలుక మీద వేసుకుని, మమ్మల్నీ వేసుకోమన్నాడు. నేను వేసుకున్నాను. బావా వేసుకున్నాడు. ఉమ్మేసి, చాలాసేపు ఆ మడి వైపే చూస్తూ, "ఇది మీ అక్క చూసిందంటే గుండాగి చచ్చిపోద్దిరా" అన్నాడు. తిరుగు దారిలో నేను హారను కొట్టలేదు. బావ కళ్ళు మూసుకోలేదు. వెనక్కి తిరిగి తిరిగి చూస్తూనే ఉన్నాడు. బరువు పక్కకి వాలుతుంటే, "సరిగ్గా కూర్చో బావా" అని రెండుసార్లు నేనే అన్నాను.

మేం వచ్చిన పది రోజులకి అవనిగడ్డ కల్యాణ మండపంలో కంపెనీవాళ్ళు మీటింగు పెట్టారు. అక్కకి విడిగా చెప్పడమెందుకు, అందరి ఎదుటా ఒకేసారి చెబుదామని అప్పటిదాకా ఆగాను. వెళ్ళొచ్చినవాళ్ళు ఒక్కొక్కరే లేచి అరచెయ్యంత రొయ్యల గురించి చెప్పారు. నా వంతు రాకపోయినా నేను లేచాను. ఎండిన చెరువుల గురించీ, ముసలాయన గురించీ, ఉప్పు మట్టి గురించీ చెప్పాను. హాలు కాస్త కదిలింది. సఫారీ చిరునవ్వు చెరగకుండా మైకు తీసుకుని, "ఈయన ఒకరోజు మాకెవరికీ కనపడలేదండీ. స్కూటరు అద్దెకి తీసుకుని బీరు కోసం వెళ్ళారు. తాగినవాళ్ళకి చెరువులు ఎండిపోయినట్టే కనిపిస్తాయి" అన్నాడు. కొందరు నవ్వారు. నేను ఊగిపోతూ, "నా మాట వద్దు. వెనక సీట్లో మా బావ ఉన్నాడు. ఆయన్నడగండి!" అన్నాను. బావ లేచాడు. అందరూ తలలు తిప్పారు. బావ గొంతు సవరించుకుని, "నిజం చెప్పాలంటేనండీ... మా బావమరిది బండి నడుపుతుంటే ఎక్కిన కాణ్ణించి దిగేదాకా కళ్ళు గట్టిగా మూసుకుని ఆంజనేయస్వామిని తలుచుకుంటా కూర్చున్నానండీ. నేనేం చూస్తాను?" అన్నాడు. ఇహ చూడండి, కుర్చీలు కదిలిపోయేలా నవ్వారు. వంటవాళ్ళు గరిటెలతో గుమ్మంలోకొచ్చి మరీ నవ్వారు. నేను కుర్చీలో కూర్చున్నాను. అంత అవమానం జరిగాక మళ్ళీ నోరు విప్పితే నేను మనిషినే కాననుకున్నాను.

సాయంత్రం అక్క నా షెడ్డుకొచ్చింది. నిలబడే అడిగింది: "నిజంగా చూశార్రా మీరు?" నేను స్పానరు కింద పెట్టకుండా, "మీ ఆయన్నే అడుగు. నేను తాగుబోతునిగా" అన్నాను. ఆమె వెనుదిరిగి వెళ్ళిపోయింది. మళ్ళీ అడగలేదు. ఆ నెలలోనే మూడెకరాలూ తవ్వించారు.

మొదటి పంట బాగా వచ్చింది. (నన్ను చూసి ఇంకాస్త నవ్వారు.) రెండో పంటకి డొప్పల మీద తెల్లమచ్చలు లేచి, రొయ్యలు గట్ల వారకొచ్చి గుట్టలుగా చచ్చిపోయాయి. మా ఒక్కళ్ళవే కాదు, వరసగా అందరివీ. తర్వాత మళ్ళీ వరి వేస్తే నారు పసుపుబారి మాడిపోయింది. అక్కా బావా పెడన వెళ్ళిపోయారు. అక్క అక్కడ కలంకారీ గుడ్డలు కాలవలో ఉతికే పనిలో చేరింది. మోకాళ్ళ లోతు నీళ్ళలో పన్నెండేళ్ళు నిలబడి, ఒక వానాకాలం జ్వరంతో పోయింది. నేను ఎప్పుడు వెళ్ళినా రంగు దిగని చేతులతో అన్నం పెట్టేది గాని, ఆ మీటింగు మాట ఎత్తేది కాదు. నేనూ ఎత్తలేదు.

బావని మాత్రం రెండుసార్లు అడిగాను. పెడనలో ఒకసారి అడిగితే, "టీ తాగుతావా?" అన్నాడు. అక్క పెద్దకర్మ రోజున అడిగితే లేచి దొడ్లోకి పోయాడు. ఆ తర్వాత ఆయన గుడివాడలో కూతురి దగ్గర చేరి, ఒక రైసుమిల్లుకి వాచ్‌మన్‌గా కుదిరాడు. అక్కడికి వెళ్ళి మూడోసారి అడిగాను. ఆ రోజు వెళ్ళిన నన్ను తలచుకుంటే నాకిప్పుడు నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. కోర్టుకి పోతున్నట్టు తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకున్నాను. బస్సులో కూర్చుని, ఏ మాట తర్వాత ఏ మాట అనాలో టిక్కెట్టు వెనక రాసుకున్నాను. కంపెనీవాడు మేత ఏజెన్సీ ఆశ చూపించి ఉంటాడనీ, దానికే అమ్ముడుపోయాడనీ పద్నాలుగేళ్ళుగా నా తీర్పు తయారుగా ఉంది. ముద్దాయి ఒప్పుకోవడం ఒక్కటే తరువాయి.

మిల్లు గేటు పక్క స్టూలు మీద కూర్చుని ఉన్నాడు బావ. బక్కచిక్కిపోయాడు. నన్ను చూసి స్టూలు ఖాళీ చేసి, తను మెట్టు మీద కూర్చున్నాడు. నేను కూర్చోకుండానే అడిగాను: "చూశావా లేదా బావా? ఆ ఒక్క మాట చెప్పు. ఏం ఆశ పెట్టారు నీకు?"

బావ ఈసారి లేచిపోలేదు. వడ్ల లారీ ఒకటి లోపలికి వెళ్ళేదాకా ఆగి, నాకేసి చూడకుండా అన్నాడు:

"ఎవరూ ఏ ఆశా పెట్టలేదురా. చూశానని చెబుదామనే లేచాను. అందరూ ఒక్కసారి నావైపు తిరిగేసరికి నోట్లోంచి ఆ ఎకసెక్కం ఊడిపడింది. నవ్వారు. నా జన్మలో నా మాటకి అంతమంది నవ్వడం అదే. సరే, నవ్వు తగ్గాక అసలు మాట చెబుదామనుకున్నాను. ఇంకోసారి గట్టిగా అడుగుతావేమోనని చూశాను. నేను నిలబడే ఉన్నాను కదరా. నువ్వే కూర్చుండిపోయావు."