కుడి మూలన ఎర్ర అంకె

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది: లెక్క తప్పకపోతే పని తప్పదని. ముప్పై ఏళ్ల వయసులో ఇటువంటి నమ్మకాలుంటాయి, ఎవరైనా వాటిని అనుమానిస్తే ఒళ్లు మండుతుంది. నాకైతే ఆ మంట ఇంకా పూర్తిగా ఆరలేదు.

అప్పుడు నేను ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కే షెడ్డులో రాళ్ల కొలతలు చూసేవాణ్ణి. (ఘనపుటడుగులు కట్టడం ఏ బడీ నాకు నేర్పలేదు, సొంతంగా నేర్చుకున్నదే, ఒక్క రాయీ తేడా రాలేదు.) మండపాలను మా దగ్గర ముక్కలుగా చెక్కి పంపితే, వేరే ఊళ్లో నిలబెట్టుకునేవాళ్లు. ఏ ముక్క పక్కన ఏ ముక్క రావాలో తెలియడానికి ప్రతిదానికీ కుడి మూలన ఎర్రరంగుతో నెంబరు వేసేది నేనే.

ఆ జూన్‌లో మా కాపురం నంద్యాలకు మారాలి. అక్కడి బడివాళ్లు మా ఐదేళ్ల పాప ఇంగ్లీషులో చిన్న మాటలు చదివితేనే ఒకటో తరగతి అన్నారు, లేకపోతే ఇంకో ఏడాది యూకేజీలోనే. నంద్యాలలో ఉండే మా వదిన, నా భార్యకు అక్క, ఆ సంగతి విని ఫోన్‌లో చెల్లెలితో, "మీ ఆయప్పకు అంకెలే గానీ అక్షరాలు యాడొస్తాయే? ట్యూషన్‌లో ఎయ్యండి" అంది. ఫోను స్పీకరులో ఉంది. ఉందని ఆమెకు తెలుసు కూడా!

ట్యూషనట! ఆ పూటే వీడియోలు చూసి ఫోనిక్స్ అంటే ఏమిటో తేల్చుకున్నాను. అక్షరం పేరు కాదు, శబ్దం నేర్పాలి. 'ఎస్' అనకూడదు, 'స్స్' అనాలి. శబ్దాలు కలిపితే మాట. మొత్తం నలభై రెండు శబ్దాలు, రోజుకు రెండు, ఇరవై ఒక్క రోజుల పని. పాత పెళ్లిపత్రికల అట్టలను మూడంగుళాల చదరాలుగా కత్తిరించి అక్షరాలు రాశాను. వరుస చెడకూడదు గనుక ప్రతి అట్టకూ కుడి మూలన ఎర్ర ఇంకుతో నెంబరు వేశాను. నేనూ పాపా వసారాలో కూర్చుని "ప్, ప్, ఫ్, ఫ్" అంటుంటే మా ఇంటామె, "పిల్లకు సదువు చెప్తాండావా, పొయ్యి ఊదుతాండావా?" అనేది. నేను పట్టించుకోలేదు. పాపకు ఒక్క తప్పు లేదు మరి. ఐదు, నాలుగు, ఆరు అట్టలు పక్కపక్కన పెడితే టక్కున "పిన్" అనేది.

పద్నాలుగో రోజున మా అమ్మ, అదే షెడ్డులో ఏళ్ల తరబడి రాళ్లు నునుపు చేసిన మనిషి, వక్క నములుతూ అంది: "రేయ్, పాప అచ్చరం దిక్కు సూడల్యా. మూల దిక్కే సూస్తాండాది."

"నీకు తెల్దులేమ్మా, ఊరికే ఉండు" అన్నాను. (బడి గడప తొక్కని మనిషి నాకు చెప్పేదేమిటని నా మంట.)

ఇరవై ఒక్క రోజులూ అయ్యాక నంద్యాల బడికి తీసుకుపోతే, టీచరమ్మ తన అట్ట ఒకటి చూపించింది. పాప దాన్ని తిప్పింది, తలకిందులు చేసింది, నాలుగు మూలలూ తడిమింది. "మిస్సూ, దీనికి నెంబరు యాడుంది?"

"నెంబరేంటమ్మా?"

నాకు కోపం ఆగలేదు. "మీ అట్టలకు నెంబర్లే లేవు మేడం. వరుస లేకపోతే పిల్ల ఎట్లా చదువుతుంది?" అన్నాను. టీచరమ్మ నన్నోసారి చూసి, బోర్డు మీద 5 వేసింది. "ప్" అంది పాప. 18 వేసింది. "ఫ్!" 31 వేసినా తడుముకోలేదు. "సార్, మీ పాపకు అన్నీ వచ్చు, అక్షరాలు తప్ప. సోమవారం మళ్లీ తీసుకురండి" అంది. మాతో వచ్చి వెనకే నిలబడ్డ వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బస్సులో ఆళ్లగడ్డ దాకా ఆ బడిని తిట్టుకుంటూనే వచ్చాను.

ఇంటికొచ్చేసరికి అమ్మకు సంగతి ఎవరు చెప్పారో గానీ, వసారాలో కత్తెర పట్టుకుని కూర్చుని ఉంది. నలభై రెండు అట్టల కుడి మూలలూ కుప్పగా పడి ఉన్నాయి. "ఏందిమ్మా ఇది!" అని అరిచాను.

"అరవాకురా. మండపం నిలబెట్టినాక నెంబరు ఉంచుతారా యాడన్నా? నిలబెట్టిన కాడికి పోయి ఉలి గాటూ నీ ఎర్ర అంకే రుద్ది పోగొట్టడమే గదరా నేను ఇన్నేండ్లు చేసిన పని. నువ్వు రాసింటివి. చెరిపేది మర్సిపోతివి."

పాప మొదటి రోజు ఏడ్చింది. రెండో రోజు నా మీద అలిగింది. మూడో రోజు అట్టలోని అక్షరాన్ని మొదటిసారి చూసినట్టు చూసింది. సోమవారం టీచరమ్మ ముందు "పిన్" చదివి, ఆమె అడగకుండానే "ట్యాప్" కూడా చదివింది. ఒకటో తరగతిలో కూర్చుంది. వదిన మాత్రం "అత్తమ్మ బాగా చెప్పిందే సదువు" అంది. ఇరవై ఒక్క రోజులు గొంతు పోగొట్టుకున్నది నేను!

ఇప్పుడు పాప కాలేజీలో ఉంది. అమ్మ లేదు. మూల తెగిన అట్ట ఒకటి నా కొలతల పుస్తకంలో మిగిలింది. ఏ కాగితం దొరికినా ఈనాటికీ నా పెన్ను ముందు పోయేది కుడి మూలకే. ఈ కథ రాసిన కాగితాలకూ వేసేశాను: ఒకటి, రెండు, మూడు. చెరిపే మనిషి ఇంట్లో లేదు గనుక, చదవడమయ్యాక ఆ పని మీరే చేసుకోండి.