వేలు చెప్పిన వేడి

మా వోస్ లోయలో ఇంట్లో బీరు కాచేవాళ్లు చాలామందే ఉన్నారు. ఓద్మున్ ఒక్కడే థర్మామీటర్ ముట్టడు. కాచిన బార్లీ రసం చల్లారుతుంటే వేలు ముంచి, అప్పుడే పితికిన పాలంత వేడి అనిపించగానే ఈస్ట్ తోడు వేస్తాడు. వాళ్లమ్మా అలాగే వేసేది. నలభై ఏళ్లు బస్సు తోలాడు, షుగరు తెచ్చుకున్నాడు. వేళ్లు మొద్దుబారిన సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మనవరాలి నామకరణానికి ఇంకా పది రోజులుంది. పొద్దున్నే వాసన కోసం జునిపర్ పొద కొమ్మలు వేసి రాగి కాగులో నాలుగు గంటలు మరిగిస్తే రసం తేనెరంగుకు తిరిగింది. తొట్టిలోకి వంచాక, గోడకున్న దండ దింపాడు, చెక్క ముక్కలు గుచ్చి చేసినది. దాని సందుల్లో ఎండినది అమ్మ నాటి తోడు. రెండో దండ కిందటి చలికాలం ఎలుకల పాలైంది. మిగిలింది ఇదొక్కటే.

వేలు ముంచాడు. దండ వేశాడు. తోడు వేసేటప్పుడు కేక ఎంత గట్టిగా ఉంటే బీరు అంత గట్టిగా వస్తుందని అతనూ, కూతురు ఇంగ్విల్ గొంతు చించుకుని అరిచారు.

మూడు గంటల్లో నురుగు కట్టాలి. ఐదు గంటలైనా ఒక్క బుడగ లేదు. ఇంగ్విల్ తొట్టికి చెవి ఆనించి విన్నది. తర్వాత తండ్రి వైపు చూసింది.

"నాన్నా, ఏదీ, నీ వేలు చూపించు."

వేలి కొసన బొబ్బ. ఆయనకు తెలియనే లేదు.

"చంపేశాను," అన్నాడు. "అమ్మ తోడుని."

"కొట్లో పొట్లాలు దొరుకుతాయిగా."

"దాంతో బీరవుతుంది. మన బీరు కాదు."

"మరి హాల్వర్ బాబాయి దగ్గర..."

పదకొండేళ్లుగా ఆ ఇంట్లో ఎత్తని పేరది. కాలువ అవతలి పొరుగువాడు హాల్వర్‌తో గొర్రెల దడి దగ్గర తగాదా వచ్చి మాటలు పోయాయి. కానీ హాల్వర్ పెళ్లయిన ఏడాది, ఓద్మున్ తల్లే తన చేత్తో అతనికి తోడిచ్చింది. రసం ఇప్పుడు సరిగ్గా పాలంత వేడికి దిగుతోంది. ఇంకాసేపాగితే చల్లబడి పాడైపోతుంది.

ఓద్మున్ కాలువ దాటాడు. హాల్వర్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఏంట్రా, బస్సు దారి తప్పిందా?"

"తోడు కావాలి."

"మీ అమ్మ తోడు నీ ఒక్కడి దగ్గరే ఉందని ఊరంతా చెప్పుకున్నావుగా!"

ఓద్మున్ వేలు చాపాడు. హాల్వర్ ఆ బొబ్బను వంగి చూశాడు.

"ఎన్నాళ్లయిందిరా వేళ్లకు వేడి తెలీక?"

"మూడేళ్లు."

"గుడ్డి గుర్రం మీద సవారీ చేశావన్నమాట." లోపలికెళ్లి వచ్చాడు. ఒక చేతిలో తోడున్న సీసా, ఇంకో చేతిలో థర్మామీటర్. "తీసుకుంటే రెండూ తీసుకో. లేదంటే పో."

ఓద్మున్ చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. ముందు కుడి చెయ్యి బయటికొచ్చింది. తర్వాత ఎడమది.

"ముప్పైతొమ్మిది," ఇంట్లో తొట్టిలో థర్మామీటర్ ముంచి ఇంగ్విల్ చదివింది. ఓద్మున్ సీసాలోని తోడు పోశాడు. ఈసారి కేక ఆమె ఒక్కతే పెట్టింది. ఆయన తొట్టి పక్కనే స్టూలేసుకుని కూర్చున్నాడు. గంట గడిచింది. రెండు. మూడో గంట నిండబోతుండగా అంచు వెంట తెల్లటి నురుగు గీత లేచింది.

మర్నాడు ఆ నురుగులో పాత దండనూ, కొత్తగా చేసిన రెండోదాన్నీ ముంచి ఆరబెట్టాడు.

"రెండోది ఎక్కడికి నాన్నా?"

"ఎలుకలు లేని ఇంటికి," అని కాలువ అవతలి వైపు గడ్డం ఎత్తి చూపాడు.