విమానాల చదువు కోసం నంద్యాల వెళ్లి ఆమెన్ అన్న రోజు

మా అక్క కూతురు షారోన్ ఈ ఏడు పదో తరగతి పాసైంది. విమానాలు నడపడం కాదు, తయారుచేయడం నేర్చుకోవాలని దాని కోరిక. ఈ తేడా మా ఇంట్లోవాళ్లకు చెప్పేసరికే నాకు తల ప్రాణం తోకకొచ్చింది. ఎనిమిదో తరగతి నుంచి అది థర్మాకోల్‌తో రెక్కలు కోసి, ముక్కుకు గుండుసూదులు గుచ్చి బరువు సరిచేసి, బడి మిద్దె మీద నుంచి వదిలేది. ఏది ఎందుకు బోర్లా పడిందో బొమ్మ గీసి చూసుకునేది. నేను ఆళ్లగడ్డలో పదో తరగతి దాకా లెక్కలు చెప్పే టీచర్‌ని. ఏరోనాటికల్ ఇంజనీరింగ్ వైపు పోవాలంటే బడిలోనే లెక్కలు, ఫిజిక్స్ గట్టిపడాలనీ, ఇంటర్‌లో ఎంపీసీ తీసుకుని జేఈఈ రాయాలనీ నేనే చెప్పాను. దానికి అడ్డం వచ్చింది మార్కులు కాదు, మా అక్క మొక్కుబడి.

నెలల బిడ్డగా షారోన్‌కు ఊపిరి అందని జబ్బు చేసింది. బతికితే నర్సును చేసి రోగుల సేవకు ఇస్తానని మా అక్క చర్చిలో అందరి ముందూ మొక్కుకుంది. బిడ్డ బతికింది. తర్వాత కొన్నేళ్లకు అక్కే పోయింది. మొక్కు మాత్రం మా బావ యోహాను నెత్తిన మిగిలింది. ఆయన చెడ్డవాడు కాదు, కూతురంటే పంచప్రాణాలు. మాట తప్పితే ఇచ్చిన ప్రాణాన్ని దేవుడు వెనక్కి తీసుకుంటాడని ఆయన భయం. నెలరోజులు నేను పోరగా ఒక మాటకు దిగొచ్చాడు. "ఆ పొద్దు ప్రార్థన చేసిన అయ్యగారు నంద్యాలలోనే ఉండారు గదా. మొక్కు వదిలేయమని ఆయన చెప్తే వదిలేస్తా" అన్నాడు. అయ్యగారంటే మా పాత పాస్టరు. పొద్దున ఆయన్ని చూసి, మధ్యాహ్నం కాలేజీలో చేర్పించాలని ముగ్గురం బయల్దేరాం.

ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు బస్సులకు కొదవలేదు. శిరివెళ్ల మీదుగా గంటకు కాస్త పైనే పడుతుంది, టికెట్టు వంద లోపే. పొద్దుటి బస్సులో కుడిపక్క కూర్చుంటే ఎండ మొహాన కొడుతుంది, కానీ నల్లమల కనబడేదీ ఆ పక్కే. షారోన్ కొండల వైపు చూడలేదు. దారి పొడుగునా చున్నీ కొస మెలిపెడుతూనే ఉంది. నంద్యాల బస్టాండు బయట బొరుగుల ఉగ్గాని, బజ్జీ బాగుంటాయి. బండి దగ్గరున్న ఆమె షారోన్ ప్లేటు చూసి, "ఏందీ పాపా, తినకుండా కెలుకుతాండావ్? పరీచ్చ ఏమన్నా ఉందా?" అంది.

"ఉంది అక్కా. మా నాయనకు" అంది షారోన్.

బావ చేతిలోని బజ్జీ కింద పెట్టేశాడు.

నూనెపల్లె వైపు పోయే షేరింగ్ ఆటో ఎక్కాం. "యాడ దిగాల?" అని డ్రైవరు అడిగితే బావ అయ్యగారి పేరు చెప్పాడు. "పెద్దాయనా? పోండి, చూసి రాండి. మనుషుల్ని గుర్తుపట్టడంల్యా ఇప్పుడు" అన్నాడతను. వెనక్కి పోదామని నేను అనబోయేలోపే ఆటో ఆగింది, బావ దిగిపోయాడు.

అయ్యగారు మంచం మీద తెల్ల పంచెలో, చిక్కిపోయి కూర్చున్నారు. బావ మోకాళ్ల మీద కూర్చుని అక్క పేరు చెప్పాడు, జబ్బు సంగతి చెప్పాడు, ఒక మొక్కు ఉందన్నాడు, నర్సు మాట ఇంకా ఎత్తలేదు. ఆయన నవ్వుతూ విన్నారు, ఏదీ పట్టినట్టు లేదు. "బిడ్డకు ప్రార్థన చేయాల్నా?" అని షారోన్ తల మీద చెయ్యి పెట్టారు. మా అందరి కళ్లూ వాటంతటవే మూసుకున్నాయి. గొంతు మాత్రం పాతదే, చర్చంతా నిండే గొంతు. "ప్రభువా, నర్సు ట్రైనింగుకు పోతున్న నీ కుమార్తెను దీవించుము. రోగుల నడుమ దీనిని నీ దాసిగా నిలుపుము."

ఆయన దగ్గరికి చదువుకు ముందు వచ్చే ఆడపిల్లలందరూ నర్సు ట్రైనింగు పిల్లలే. ఎన్నో ఏళ్లుగా చేసిన ప్రార్థన నోటికి అలాగే వచ్చేసింది. మాలో ప్రార్థన మధ్యలో ఎవరూ నోరు తెరవరు. చివర్లో అందరం కలిసి ఆమెన్ అన్నాం. షారోన్ కూడా అంది. పుట్టినప్పటి నుంచీ ఉన్న అలవాటు, నోరు దానంతటదే అనేసింది. కళ్లు తెరిచాక దాని మొహం చూడలేకపోయాను.

"బావా, మనమెవరో కూడా ఆయనకు తెలీదు" అన్నాను బయటికొచ్చి.

"తెలీకుండానే నర్సు అన్యాడంటే, పలికించింది ఎవరు సుశీలా? పాప గూడా ఆమెన్ అనింది గదా."

బావ కాలేజీ వైపు పోయే ఆటో ఆపాడు.

కాలేజీలో గుమాస్తా ఏ గ్రూపని అడిగితే బావ బైపీసీ అన్నాడు. గుమాస్తా రాసుకుంటుంటే షారోన్ ముందుకొచ్చింది. "సార్, లెక్కలు గూడా పెట్టండి."

"పెట్టుకోవచ్చు గానీ మా దగ్గర రెండిటికీ క్లాసులు కుదరవమ్మా. ఒకటి నువ్వే చదువుకోవాల."

"చదువుకుంటా."

గుమాస్తా బావ వైపు చూశాడు. బావ జేబులోంచి ఫీజు డబ్బులు తీస్తూ, "రాసుకోండి" అన్నాడు.

తిరుగు బస్సులో షారోన్ నా పక్కన కూర్చుంది. శిరివెళ్ల దాటాక అంది: "అమ్మ బతికుంటే కొట్లాడి ఉందును చిన్నమ్మా. ఇప్పుడు యాడికి పోయి కొట్లాడేది?"

చనిపోయిన అక్క మీద నాకు కోపం వచ్చింది. బిడ్డను బతికించుకోవడానికి ఆ రోజు ఆమె చేతిలో ఇంకేముంది అని ఏడుపూ వచ్చింది. ఇప్పుడు పగలంతా షారోన్ నంద్యాలలో కప్పలూ మొక్కలూ చదువుతుంది, సాయంత్రం బస్సు దిగి నా దగ్గర లెక్కలు చేస్తుంది. నా లెక్కలు పదో తరగతితో సరి. ఇంటర్ పుస్తకం నేనే ముందు చదువుకుని చెప్తున్నాను, కొన్ని నాకే అర్థం కావడం లేదు. రెంటికీ చెడుతుందేమోనని భయంగా ఉంది. ఈ భయం దానికి చెప్పలేదు. థర్మాకోల్ ముట్టుకోవడం మానేసింది, అడిగితే టైము లేదంటుంది.

పిల్లల్ని చదువుకు ముందు పెద్దల దగ్గరికి దీవెనకు తీసుకెళ్లేవాళ్లకు ఒక్క మాట: వాళ్లు తల మీద చెయ్యి పెట్టకముందే, ఏం చదవాలనుకుంటోందో బిడ్డ నోటితోనే గట్టిగా చెప్పించండి. బావా నేనూ దాన్ని అంత దూరం తీసుకుపోయి, ఆ ఒక్క మాట దానితో చెప్పించలేదు.