కడగని వేర్లు

మా కాలేజీ ల్యాబ్‌లో ఏడాదికొకసారి వెనిగర్ వాసన గుప్పుమంటుంది. గడ్డి వేర్లను కాస్టిక్‌లో ఉడికించి, సిరా కలిపిన వెనిగర్‌లో ముంచే రోజు అది. పిల్లలు ముక్కులు మూసుకుంటారు. నాకు మాత్రం విజయనగరంలో బోటనీ చెప్పిన సుభద్ర మేడమ్ పక్కనే నిలబడ్డట్టుంటుంది. మేడమ్ కొంగుకు ఎప్పుడూ సిరా మరకే. వాళ్ళది సంగీతం ఇల్లు. ఇంటిల్లిపాదీ వీణ పట్టుకుంటే తను గునపం పట్టుకున్నానని చెప్పి నవ్వేవారు.

ఆవిడకు పూలూ పళ్ళూ పట్టేవి కావు. బీడు కనిపిస్తే చాలు, కూర్చుని గడ్డి తవ్వేవారు. నేను మొదటిసారి మైక్రోస్కోప్‌లో చూసినప్పుడు వేరు గాజులా తేటగా ఉంది, దాని లోపలా బయటా నీలం దారాలు అల్లుకుని ఉన్నాయి.

"బూజు పట్టింది మేడమ్," అన్నాను.

"బూజుకు చుట్టమే అనుకో. కానీ ఇది పాడుచేసే రకం కాదు. వేరు అందుకోలేని చోటు నుంచి నీళ్ళూ భాస్వరమూ తెచ్చిపెడుతుంది. బదులుగా గడ్డి దానికి చక్కెర పెడుతుంది."

"ఊరికే పెట్టదన్నమాట."

"మీ ఇంట్లో నీకు ఊరికే పెడుతున్నారని చదువు ఎగ్గొడుతున్నావా?" అన్నారు. ఆ రోజు నుంచి నేను ల్యాబ్ ఎగ్గొట్టలేదు.

మా ఊరు నెల్లిమర్లకు దగ్గర. అక్కడ కొండ కింద పశువులు మేసే బీడు ఉండేది. నేను డిగ్రీలో ఉండగా ఎవరిదో లేఅవుటు కోసం ట్రాక్టర్లు వచ్చి, ఆ బీడు పైమట్టి గీకి పట్టుకుపోయాయి. కొండవార ఒక మూల తప్ప మిగిలిందంతా ఎర్ర కంకరే. వానలు పడ్డా అక్కడ గడ్డి మొలవలేదు. అమ్మకు రెండావులు, ఎర్రది, నల్లది. రెండూ ఆ బీడు మీదే బతికేవి.

"ఎండుగడ్డి కొని ఎన్నాళ్ళని మేపుతాను? ఇక్కడ గడ్డి రాకపోతే ఒకదాన్ని అమ్మేయాల," అంది అమ్మ. ఆ మాటే వెళ్ళి మేడమ్‌తో చెప్పాను.

ఆ ఆదివారమే ఆవిడ బస్సెక్కి వచ్చేశారు. మిగిలిన మూల నుంచి గడ్డి దుబ్బులు తీసి కంకరలో నాటాలన్నారు. ఎంత ఎడంగా నాటాలో, గుంట ఎంత లోతు ఉండాలో తనే నాలుగు గుంటలు తవ్వి చూపించారు. అమ్మా, ఇరుగుపొరుగు ఆడవాళ్ళూ నడుం బిగించారు. సాయంత్రం బస్సుకు మేడమూ నేనూ విజయనగరం వెళ్ళిపోయాక, వాళ్ళే రెండు రోజులపాటు నాటారు. నాటిన దుబ్బులు ముందు పచ్చబడతాయనుకున్నాం. పసుపుపచ్చ అయ్యాయి, తర్వాత ఎండిపోయాయి.

మేడమ్ మళ్ళీ వచ్చి ఒక దుబ్బు పీకి చూశారు. "వేర్లు ఇంత తెల్లగా ఉన్నాయేమిటి?"

అమ్మ మెచ్చుకోలు అనుకుంది. "సెరువులో జాడించి, శుభ్రంగా కడిగి కట్టలు కట్టినాం మేడంగారూ. ఊడుపులప్పుడు నారుకి మట్టుంటే మా అత్త ఊరుకునేది కాదు. ఏర్లు కడక్కుండా ఎవులైనా నాటుతారేటి?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆ మట్టిలోనే ఉంటుందమ్మా అసలు ప్రాణం, వేరుకు నీళ్ళు తెచ్చిపెట్టే బూజు! అదంతా చెరువులో కలిపేశావు," అని అరిచాను.

"నోరు ముయ్యి," అన్నారు మేడమ్ నాతో. ఆవిడ అంత కటువుగా మాట్లాడటం అంతకుముందు వినలేదు. "ఆవిడది నారు తీసిన చెయ్యి, నారు కడిగినట్టే కడిగింది. మట్టితో సహా నాటమని నేను చెప్పలేదు. నాకు తెలుసు కాబట్టి అందరికీ తెలుసనుకున్నాను. తప్పు నాది."

చుట్టూ చేరిన ఆడవాళ్ళందరి ముందు ఒక లెక్చరర్ ఆ మాట అనగా నేను వినడం అదే మొదలు. సిగ్గేసింది, ఆవిడ మీద ప్రేమా పుట్టింది. అయితే అప్పటికే వానలు వెనకబట్టాయి. మళ్ళీ నాటాలంటే ఏడాది ఆగాలి. ఆ ఎండాకాలం ఎర్రావును అమ్మేశాం. అమ్మ రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

మరుసటి తొలకరికి మేడమ్ మైక్రోస్కోప్‌ను చీరలో చుట్టుకుని బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. మా వీధి అరుగు మీద పెట్టి వేర్లలోని నీలం దారాలు ఒక్కొక్కరికీ చూపించారు.

"ఇయ్యేనా నేను కడిగీసినవి?" అని అడిగింది అమ్మ. కన్ను తియ్యడానికి చాలాసేపు పట్టింది అమ్మకు. "ముందే సూపించుంటే ముట్టుకుందునా?"

"చూపించాల్సింది," అన్నారు మేడమ్.

ఈసారి మట్టి పెళ్ళలతో సహా తట్టల్లో మోసి నాటారు. చాలా దుబ్బులు బతికాయి. సగం బీడు తేరుకుంది, మిగతా సగం ఇప్పటికీ కంకరే. నల్లావు దూడలు అక్కడే పెరిగాయి. మేడమ్ రిటైరయ్యాక కూడా ఫోను చేసేవారు. గడ్డి సంగతి తర్వాత. "ఎర్రావు ఎక్కడుందో ఏమైనా తెలిసిందా?" అన్నదే మొదటి ప్రశ్న. తెలియదు మేడమ్ అనేదాన్ని. పోయిన వర్షాకాలం ఆవిడ కన్నుమూశారు. అంతకుముందు వారం కూడా అడిగారు.

ఇప్పుడు పిల్లల్ని బీడుకు తీసుకెళ్ళినప్పుడు, తవ్వకముందే మట్టి దులపొద్దని చెబుతాను. తవ్వేటప్పుడు ఇంకోసారి చెబుతాను. "ఎన్నిసార్లు చెబుతారు మేడమ్, మాకు తెలుసు కదా," అని విసుక్కుంటారు.

తెలిసే ఉంటుంది. అయినా చెబుతాను. చెప్పకపోవడం వల్ల పోయిన ఎర్రావు గురించి ఆవిడ చివరిదాకా అడుగుతూనే ఉన్నారు.